పందెం నువ్వే గెలిచావు రా

హన్మకొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, తప్పు నాదే. నాన్నకు కంటి ఆపరేషన్ అయింది, బాగున్నాడు. చిన్నదానికి జ్వరం వచ్చి తగ్గింది. తొక్కు సీసా మా బావ తెస్తాడు. ఇక మన దొరసాని, అదే నా పాత కారు సంగతి విను. ఎవరికీ చెప్పలేక కడుపు ఉబ్బిపోతోంది.

పోయిన ఆదివారం రామప్ప పోదామని బండి బయటికి తీశాను. ఆత్మకూరు దాటాక ముందుకు పోనంటుంది. ఎంత తొక్కినా ఎడ్లబండే. స్టీరింగ్ ఎడమకు గుంజుతోంది. ములుగు ముందు గట్టమ్మ గుడి దగ్గర అందరితో పాటు ఆగానా, కాలిన వాసన! ముందు ఎడమ చక్రం నుంచి సన్నగా పొగ. కుడి చక్రం గోరువెచ్చగా ఉంది, ఎడమదాని దగ్గరికి చెయ్యే పోలేదు. ఒక పిల్లగాడు నీళ్ళ బాటిల్ పట్టుకొని ఉరికొచ్చాడు. "వద్దు రా, కాగిన డిస్కు వంకర పోతది" అని ఆపాను. కొబ్బరికాయలమ్మే అవ్వ "కాయ కొట్టు బిడ్డా, పొగ అదే పోతది" అంది. కొట్టాను. అరగంటకు చక్రం వదిలింది కూడా! (మళ్ళీ కోతలనుకోకు. ఈసారి నిజం.)

గేర్లతో, హ్యాండ్‌బ్రేకుతో ఈడ్చుకుంటూ ఇల్లు చేరాను. నా టెన్షన్ ఏంటంటే, డిస్కును నొక్కిపట్టే ఆ కాలిపర్ నెల కిందే నేను విప్పాను కదా. అది జరిగే స్లైడ్ పిన్నులు ఎమరీ పేపరుతో రుద్ది, సిలికాన్ గ్రీజు పెట్టి, ప్యాడ్లను తోసే పిస్టన్‌కు రబ్బరు సీలు, ప్యాడ్లు కొత్తవి వేశాను. ఇంక పట్టుకోవడానికి ఏముంది? ఒక మెకానిక్ చూసీ చూడకుండానే "కాలిపర్లు పోయినయ్, రెండూ మార్చాలె" అన్నాడు. ఇరవై ఐదేళ్ళ బండికి అవి ఎక్కడ దొరుకుతాయి రా?

చివరికి మన మెకానిక్ బీడీ కాకానే పిలిచాను. జాకీ ఎక్కించి, బ్రేకు నాలుగుసార్లు తొక్కి వదలమన్నాడు. చక్రం కదల్లేదు. కాలిపర్ మీద గాలి తీసే నిపుల్ కొంచెం వదులు చేశాడు. చిమ్మున బ్రేకు ఆయిల్ ఎగిరింది, చక్రం గిర్రున తిరిగింది! "పిస్టన్ తుప్పు పడితే నిపుల్ తీసినా తిరగదు తమ్మీ. ఒత్తిడి లోపలే ఇరుక్కుంటుంది." నిపుల్ బిగించి మళ్ళీ తొక్కించాడు. ఈసారి కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు హోసుకు అవతల, ఇనుప పైపు కలిసేచోట నట్టు వదిలాడు. చక్రం అట్లనే బిగుసుకొని ఉంది. అంటే దొంగ హోసులోనే ఉన్నాడు. నేనేమో పెడల్ దగ్గరుండి ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్‌ను అనుమానించి రెండు రాత్రులు నిద్ర పాడుచేసుకున్నా.

హోసు బ్లేడుతో నిలువునా కోసి చూపించాడు. పైకి నిగనిగ, లోపల పొర లేచి నాలుకలా అడ్డం పడింది. కాలి బలానికి ఆయిల్ దాన్ని తోసుకొని పోతుంది. వెనక్కి తోసేదెవరు? డిస్కు బ్రేకులో స్ప్రింగ్ ఉండదు, మెలిపడ్డ సీలు సర్దుకుంటూ పిస్టన్‌ను వెంట్రుకవాసి లాగడమే. అందుకే ఆయిల్ అరగంట సేపు సన్నగా కారి, గట్టమ్మ దగ్గర వదిలింది. అవ్వకు చెప్పకు. "జాతర బస్సు తమ్మీ, ఎక్కేటోణ్ణి నూకుతరు, దిగేటోణ్ణి ఆపుతరు" అన్నాడు కాకా.

అంతలో అడిగాడు: "కాలిపర్ విప్పినప్పుడు దేనికి కట్టినవ్?"

నోరు పెగల్లేదు. హోసుకే వేలాడదీశాను రా. నువ్వు ఫోనులో "తీగతో కట్టు, హోసు మీద బరువెయ్యకు" అంటే "పో రా ఇంజనీరూ, ఏం కాదు, పందెం" అని పెట్టేశాను. అంత పాత రబ్బరు ఎట్లాగూ పోయేదే అనుకో, అయినా... పందెం నీదే. చౌరస్తాలో బిర్యానీ బాకీ.

పాతదాన్ని సాంపిల్ చూపించి రెండు వైపులా కొత్త హోసులు వేశాం, హోసును కాలిపర్‌కు బిగించే బాంజో బోల్టులకు కొత్త రాగి వాషర్లు కూడా. పాత ఆయిల్ డికాషన్‌లా ఉంది. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 155కు పడిపోవచ్చట. ఆ రోజు ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడి ఉంటే... సరే, వద్దులే.

గాలి తీసేటప్పుడు పెడల్ డ్యూటీ పెద్దదానిది. "తొక్కు, పట్టు" దాకా బాగానే ఉంది. నేను నిపుల్ బిగించకముందే వదిలేసింది, గాలి మళ్ళీ లోపలికి! దానికి తోడు ఫెండరు మీద ఆయిల్ పడి పెయింట్ పొక్కింది. దొరసానికి ఇంకో అతుకు.

నిన్న భద్రకాళి గుడిదాకా పోయొచ్చి రెండు చక్రాలూ తాకి చూశాను. ఒకే వెచ్చన! ఇంకోటి, వెనక చక్రం దగ్గర కాకా ఏం చూశాడంటే... ఆగు, బావ కాజీపేట రైలుకు టైమైందని అరుస్తున్నాడు. ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నా. సీసా మూత గట్టిగా బిగి