మాజీ సైనికుల సంఘం వార్షిక నివేదిక 2025–26: సిగ్నల్స్ (సైన్యంలో కమ్యూనికేషన్ల విభాగం) నుంచి వచ్చినవాళ్లకు బయట పని

సంఘ సభ్యులకు, కుటుంబ సభ్యులకు నమస్కారం.

ఈసారి నివేదికలో సన్మానాలు, శాలువాలు తక్కువ. కిందటి సర్వసభ్య సమావేశంలో ఒకరి తర్వాత ఒకరు లేచి అడిగింది ఒకటే: "మావాడు పదిహేడేళ్లు సిగ్నల్స్‌లో చేసి వచ్చాడండి, మిలిటరీ అనగానే గేటు దగ్గర కుర్చీ చూపిస్తున్నారు. సంఘం ఏమైనా చేస్తుందా?" సెక్యూరిటీ పని తక్కువదని ఎవరూ అనడం లేదు, మన సభ్యుల్లో చాలా ఇళ్లు ఆ జీతం మీదే నడుస్తున్నాయి. కానీ జబల్‌పూర్‌లోనో గోవాలోనో ట్రైనింగ్ అయి, రేడియో, కేబుల్, ఎక్స్‌ఛేంజ్, కంప్యూటర్ నెట్‌వర్క్ అన్నీ చూసినవాడిని గేటు తెరవడానికి పెట్టుకోవడం మాత్రం నష్టమే. అందుకే ఈ ఏడాది కార్యవర్గం సమయమూ డబ్బూ ఎక్కువగా దీనికే పెట్టింది.

రెజ్యూమే క్లాసులతో మొదలుపెట్టాం. వచ్చిన రెజ్యూమేలు రెండు రకాలు. కొన్ని అరపేజీ కూడా లేవు: పేరు, ర్యాంకు, ట్రేడ్, చివర "క్రమశిక్షణ గలవాడు". ఇంకొన్ని చూస్తే భయమేసింది. ఏ యూనిట్, ఏ సరిహద్దు పోస్టు, ఏ సెట్టు, ఏ నెట్‌వర్క్, అన్నీ పూసగుచ్చినట్టు రాసి జాబ్ సైట్లలో పెట్టేశారు. యూనిఫాం విప్పినంత మాత్రాన 1923 నాటి అధికార రహస్యాల చట్టం మనల్ని వదలదు. పైగా "మీ ప్రొఫైల్ బాగుంది, మీరు చూసిన పరికరాల గురించి కాస్త చెప్పండి" అంటూ ఆన్‌లైన్‌లో పలకరించేవాళ్లందరూ ఉద్యోగాలిచ్చేవాళ్లు కాదు. ఇలాంటి మెసేజ్ వస్తే జవాబు ఇవ్వకుండా ముందు సంఘానికి గానీ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి గానీ చెప్పండి.

మరి ఏం రాయాలి? ఒక హవల్దార్ గారి రెజ్యూమేలో యూనిట్ పేర్లన్నీ కొట్టేసి ఇలా రాయించాం: "రాత్రింబవళ్లు నడిచే కమ్యూనికేషన్ కేంద్రంలో షిఫ్ట్ ఇన్‌చార్జి. లింకు తెగితే గుర్తించడం, ట్రాఫిక్‌ను వేరే మార్గం మీదకు మార్చడం, టైముతో సహా లాగ్ రాయడం, పైవాళ్లకు వెంటనే తెలపడం, షిఫ్ట్ మారేటప్పుడు పెండింగ్ పనులు అప్పగించడం. జనరేటరు, బ్యాటరీ బ్యాంకు నిర్వహణ." ఇందులో రహస్యం ఒక్కటీ లేదు. టెలికాం కంపెనీల్లో, డేటా సెంటర్లలో నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ అనే గదిలో కూర్చున్నవాళ్లు చేసే పని దాదాపు ఇదే.

ఇంటర్వ్యూ ప్రాక్టీసు ఒక సభ్యుడి కూతురు హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో చేయించింది. ఆ అమ్మాయి హెచ్‌ఆర్‌లో పనిచేస్తోంది.

"మీరు చేసిన కష్టమైన పని ఒకటి చెప్పండి బాబాయ్ గారూ."

"కష్టమేముందమ్మా, చెప్పింది చేశాం."

మళ్లీ మళ్లీ అడిగితే బయటపడింది. మంచులో లైను తెగితే నలుగురిని వెంటబెట్టుకుని రాత్రంతా నడిచి, తెగిన చోటు పట్టుకుని, తెల్లారేసరికి కలిపాడట.

"అయ్యో, అదేనండి చెప్పాల్సింది! ఊరి పేరొక్కటి చెప్పకండి."

మనవాళ్ల ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. చేసిన పని గొప్పగా చెప్పుకోవడం తప్పని నేర్చుకుని వచ్చారు, ఇంటర్వ్యూలో కూర్చున్నవాడికేమో చెప్పకపోతే తెలియదు.

ఆదివారం నెట్‌వర్కింగ్ క్లాసులు సంఘం హాల్లోనే జరిగాయి. సిస్కో కంపెనీ పెట్టే సీసీఎన్‌ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష (కోడ్ 200-301, రెండు గంటలు) లక్ష్యంగా పెట్టుకున్నాం. సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ అనే నెట్‌వర్క్ ప్రాక్టీసు సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి రౌటర్లు కొనే ఖర్చు లేకుండా లాప్‌టాప్ మీదే అన్నీ కలిపి చూసుకోవచ్చు. పాఠం చెప్పింది ఇంజనీరింగ్ చదివే మన సభ్యుల పిల్లలే. మొదట్లో హాలు నిండింది, వరికోతల నాటికి సగం ఖాళీ అయింది, అది అనుకున్నదే. నిలబడ్డవాళ్లు మాత్రం గట్టిగా పట్టుకున్నారు. నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలుగా పంచే సబ్‌నెట్ లెక్క చెబుతూ /26 మాస్క్‌కి ఎన్ని అడ్రసులని కుర్రాడు అడిగితే, వెనక బెంచీలోంచి ఒక సుబేదార్ గారు కాగితం ముట్టకుండా "అరవై నాలుగు, రెండు పోను అరవై రెండు" అన్నారు. ఆ పక్కనే ఇద్దరు ముగ్గురు ఇంగ్లిష్ వీడియోలు అర్థం కాక మానేశారు. వచ్చే ఏడు ముందు ఒక నెల ఇంగ్లిష్ మీదే పెడదామని కార్యవర్గం అభిప్రాయం.

లైన్‌మన్‌గా చేసినవాళ్లకు దారి సులువుగా దొరికింది. ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మెషిన్ చేతికిస్తే కాసేపట్లో అలవాటు పడ్డారు. పీచును శుభ్రంగా తుడవడం, నిటారుగా కోయడం, జాయింటులో లాస్ 0.1 డెసిబెల్ లోపు ఉంచడం, ఫైబర్‌లోకి వెలుతురు పంపి లోపం వెతికే ఓటీడీఆర్ పరికరం గ్రాఫ్ చూసి తెగిన చోటు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చెప్పడం. రాగి తీగ మీద చేసిన ఓపిక ఇక్కడ అక్కరకొచ్చింది. మన కోనసీమలో కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుళ్ల మీద కొబ్బరి మట్టలు పడుతూనే ఉంటాయి, ఉడతలు కొరుకుతూనే ఉంటాయి, కాబట్టి పనికి లోటు లేదు. జీతం హైదరాబాద్ అంత రాదు. ఇంటి అన్నం తింటూ, ముసలి తల్లిదండ్రులను చూసుకుంటూ చేసుకోవచ్చన్నది వీళ్ల లెక్క, ఆ లెక్క తప్పని అనలేం.

ఇక రొయ్యల చెరువుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పని ఎవరూ నేర్పకుండా మన సభ్యుడే కనిపెట్టుకున్నాడు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుందని, ఆ టైములో కరెంటు పోయి నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టేనని చెరువున్న ప్రతివాడికీ తెలుసు. కాపలా కుర్రాడు నిద్రపోతే అంతే సంగతులు. రేడియో మెకానిక్‌గా చేసిన ఈ సభ్యుడు చెరువు షెడ్డు మీద చిన్న పెట్టె బిగించి, ఏరియేటర్ ఆగగానే రైతు ఇంట్లో అలారం మోగేలా చేశాడు. వాడింది 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండు, తక్కువ పవర్ పరికరాలకు మన దేశంలో దానికి లైసెన్సు అక్కర్లేదు. మొదట సిగ్నల్ సరిగా రాలేదు. ఎండలో బాగానే ఉండి వాన పడితే పోయేది. మధ్యలో ఉన్న కొబ్బరి తోట తడిసి సిగ్నల్‌ను మింగేస్తోందని అతనికి ఇట్టే తట్టింది, యాంటెన్నాను ఇనుప పైపు మీద మట్టల కంటే పైకి లేపాడు. కొన్ని వారాలకు ఉప్పు గాలికి కనెక్టర్ పచ్చగా తుప్పు పట్టింది. కొత్తది వేసి రబ్బరు టేపు చుట్టాడు. ఇప్పుడు చుట్టుపక్కల రైతులు కూడా అడుగుతున్నారు, డబ్బు మాత్రం "పట్టుబడి అయ్యాక ఇస్తాం" అంటున్నారు. ఇలాంటి చిన్న యూనిట్లకు బ్యాంకు లోను ఎలా పెట్టుకోవాలో చెప్పడానికి ఒక రిటైర్డ్ మేనేజరు గారు ఒప్పుకున్నారు.

ర్యాంకు సంగతి కూడా దాచకుండా రాయాలి. ముప్పై మందిని నడిపినవాడు ఇరవై ఏడేళ్ల టీమ్ లీడ్ కింద నైట్ షిఫ్ట్ చేయాలి. ఆ కుర్రాడు "సాబ్" అనడు, బాగుంటే "అన్నా" అంటాడు, లేకపోతే పేరు పెట్టి పిలుస్తాడు. ఇది తట్టుకోలేక ఒకరిద్దరు నెల తిరక్కుండా వెనక్కి వచ్చేశారు. నిలబడ్డవాళ్లు చెప్పేది వేరు: ఆఫీసులో తప్పు కనిపిస్తే అందరి ముందు కాకుండా టికెట్‌లో (కంప్యూటర్‌లో సమస్య నమోదు చేసే చోట) రాయాలి, ఆర్డరు కోసం ఎదురుచూడకుండా అడగాలి, తెలియకపోతే తెలియదనాలి. ఇలా నిలబడ్డవాళ్లను వచ్చే క్లాసులకు పిలుస్తున్నాం.

రిజర్వేషన్ల గురించి చాలామంది అడిగారు కాబట్టి క్లుప్తంగా. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం, ప్రభుత్వ బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థల గ్రూప్ సి లో 14.5 శాతం ఉంది. పదో తరగతి పాసై పదిహేనేళ్లకు తగ్గకుండా సర్వీసు చేసినవాళ్లు డిగ్రీ అడిగే గ్రూప్ సి పోస్టులకు కూడా పెట్టుకోవచ్చు. ప్రైవేటు కంపెనీకి ఈ నిబంధనతో పని లేదు. ఇంకా సర్వీసులో ఉన్న మీ పిల్లలకు ఒక మాట చెప్పండి: రక్షణ శాఖ పునరావాస డైరెక్టరేట్ నడిపే ఉద్యోగ శిక్షణ కోర్సులు రిటైర్ కాకముందే చేసుకోవాలి. చివరి ఏడాదిని ఇల్లు కట్టడానికీ పెళ్లి పనులకూ ఖర్చు పెట్టేసి, డిశ్చార్జ్ అయ్యాక కోర్సు కోసం తిరిగితే సుఖం లేదు.

ఈ ఏడాది ఒక చేదు అనుభవమూ ఉంది. నూటికి నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అని చెప్పిన ఒక శిక్షణ సంస్థకు కొందరు సభ్యులు పెన్షన్ డబ్బులోంచి పెద్ద మొత్తాలు కట్టారు. ఉద్యోగమూ రాలేదు, ఫోనూ ఎత్తడం లేదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు కాగితాలు సిద్ధం చేస్తున్నాం. రసీదులు పారేయకండి.

ఫిబ్రవరి 15న కోర్ డే జరుపుకున్నాం. సిగ్నల్స్ కోర్ 1911లో పుట్టింది కాబట్టి 115 ఏళ్లు నిండాయి. తాడేపల్లిగూడెం దగ్గర సైనికుల ఊరిగా పేరున్న మాధవరం నుంచి కూడా మిత్రులు వచ్చారు. భోజనాలు బాగున్నాయి, ఉపన్యాసాలు ఎక్కువయ్యాయి. 1996 నవంబరు తుపాను చూసిన పెద్దలు ఆ రోజు అడిగిన హామ్ రేడియో (మామూలు పౌరులు లైసెన్సుతో నడుపుకునే రేడియో) లైసెన్సుల విషయం కార్యవర్గం పరిశీలిస్తోంది. తుపానులో సెల్ టవర్లు పడుకున్నప్పుడు మనకు తెలిసిన పనే ఊరికి పనికొస్తుంది.

విశాఖలో గూగుల్ డేటా సెంటర్ అని 2025 అక్టోబరులో ప్రకటన వచ్చాక ఫోన్లు ఆగలేదు. కట్టి నడిపేసరికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడే ఎవరో ఉద్యోగాలు బుక్ చేస్తామంటే నమ్మకండి.

వచ్చే ఏడాది అసలు టెన్షన్ నాలుగేళ్ల సర్వీసుకే చేరిన అగ్నివీరులది. 2023 జనవరి నాటికి ట్రైనింగ్‌లో చేరిన మొదటి బ్యాచ్ నాలుగేళ్లు 2026 చివరకు పూర్తవుతాయి. వాళ్లలో పాతిక శాతం వరకే ఉంచుకుంటారు. మిగతావాళ్లు చివర్లో ఒకేసారి ఇచ్చే సుమారు 11.71 లక్షల రూపాయల సేవా నిధితో, పెన్షన్ లేకుండా, ఇరవైల్లోనే ఇంటికొస్తారు. మనం పెన్షన్ ధైర్యంతో తక్కువ జీతానికి చేరగలిగాం, వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. మాజీ సైనికుల కోటా కూడా వాళ్లకు వర్తించదు. అయినా సంఘం క్లాసుల్లో వాళ్లను మన సభ్యులతో సమానంగా కూర్చోబెట్టాలని, ఫీజు తీసుకోకూడదని కార్యవర్గం తీర్మానించింది. ఈ తీర్మానాన్ని సర్వసభ్య సమావేశం ఆమోదానికి పెడుతున్నాం.

జమాఖర్చుల పత్రం నోటీసు బోర్డులో ఉంది, ఆడిటరు సంతకం అయింది. హాల్లో ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయింది, క్లాసు మధ్యలో కరెంటు పోతే అంతా చీకటి. విరాళం ఇచ్చేవాళ్లు కోశాధికారి గారికి చెప్పండి. కొత్త బ్యాచ్‌కు పేర్లు ఇచ్చేవాళ్లు డిశ్చార్జ్ బుక్ జిరాక్స్, ఉంటే లాప్‌టాప్ తెచ్చుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి