లెక్కలోకి రాని లీగ్

చిరంజీవి చిన్నాకు,

నాన్న ఆశీస్సులు. నువ్వాడే శనివారం ఫుట్‌బాల్ లీగ్ గురించి ‘పూర్తి జట్టు ఎప్పుడూ రాదు, అందరూ సమానంగా మ్యాచ్‌లు ఆడరు, ఇదేం లీగ్ నాన్నా’ అని రాశావు. ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో ఉంటూ ఈ మాట అంటే నవ్వొచ్చింది. మీ ఊరి జట్టు 1941లో గెలిచింది అచ్చం అలాంటి లీగే.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధంలో దిగేసరికి సీజన్ మొదలై వారమే దాటింది. ఆ ఫలితాలన్నీ కొట్టేశారు. దూరప్రయాణాలు తగ్గించడానికి దగ్గర ఊళ్ళ జట్లను కలిపి ప్రాంతీయ లీగ్‌లు పెట్టారు. ఆటగాళ్ళు సైన్యంలో ఉండేవారు. శిబిరం ఎక్కడ పడితే ఆ ఊరి జట్టుకు అతిథిగా ఆడేవారు. 1940 క్రిస్మస్‌నాడు బ్రైటన్ జట్టు నార్విచ్‌కు అయిదుగురితోనే వెళ్ళింది. మిగతావారిని అవతలి జట్టు రిజర్వుల నుంచి, చూడటానికొచ్చిన సైనికుల నుంచి తెచ్చుకుంది. 18-0తో ఓడింది! మీవాళ్ళు మరీ ఇంత అధ్వానం కాదు కదా?

ఆ సీజన్‌లో ఒక్కో జట్టు ఒక్కో సంఖ్యలో మ్యాచ్‌లు ఆడింది కాబట్టి పాయింట్లు పక్కనపెట్టి, వేసిన గోల్స్‌ను ప్రత్యర్థులకు ఇచ్చిన గోల్స్‌తో భాగించి స్థానాలు తేల్చారు. అలా ఉత్తర లీగ్ ప్రెస్టన్‌కు దక్కింది. యుద్ధకాలపు కప్ ఫైనల్ 1941 మే 10న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో, ఆర్సెనల్ జట్టుతో. ఆర్సెనల్‌లో ఆడే అన్నదమ్ముల్లో అన్న లెస్లీ కాంప్టన్ పెనాల్టీ పోగొట్టాడు, తమ్ముడు డెనిస్ గోల్ వేశాడు. అవును, ఆ క్రికెటర్ డెనిసే. 1-1. ఆ రాత్రే లండన్‌పై భయంకరమైన బాంబుదాడి జరిగి పార్లమెంటు దిగువ సభ ధ్వంసమైంది. మూడు వారాల తర్వాత బ్లాక్‌బర్న్‌లో మళ్ళీ ఆడి ప్రెస్టన్ 2-1తో గెలిచింది.

ఆ ప్రెస్టన్ జట్టులో కుడివైపు ఆడిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడు టామ్ ఫినీ. ప్లంబింగ్ పని నేర్చుకుంటూ ఆడేవాడు. తర్వాత సైన్యంలో చేరి ఈజిప్టు, ఇటలీ వెళ్ళాడు. అధికారిక లీగ్‌లో అతని మొదటి మ్యాచ్ 1946లో, ఇరవై నాలుగేళ్ళప్పుడు. యుద్ధకాలపు ఆటలు లీగ్ రికార్డుల్లోకి ఎక్కలేదు. రికార్డులు రాసేవాళ్ళది తప్పని నేననను. ఆ 18-0ను ఏ లెక్కలో కలుపుతారు చెప్పు? కానీ వెంబ్లీలో ఆర్సెనల్ రక్షణను దాటుకుంటూ పరిగెత్తిన కుర్రాడు అక్కడ నేర్చుకున్నది మాత్రం ఎవరూ కొట్టేయలేదు. ఆపైన ఇంగ్లండ్‌కు 76 మ్యాచ్‌లు ఆడాడు.

మీ ఊరి జట్టు మైదానం డీప్‌డేల్ బయట నీళ్ళు చిమ్ముతూ జారుతున్న అతని విగ్రహం ఉంది. తీరిక చూసుకుని వెళ్ళి ఫొటో పంపు. శనివారం ఆడటం, మానడం నీ ఇష్టం. ఆడితే మోకాలికి పట్టీ వేసుకోమని అమ్మ మరీ మరీ చెప్పమంది.

నాన్న