కథ అయ్యాక ఒక గంట కూర్చుందాం

ఎడిటర్ గారికి,

చిత్తూరు దగ్గర ముప్పై ఏళ్లుగా కుట్టుమిషన్ మీద బతుకుతున్నదాన్ని. ఎండాకాలం ద్రౌపదమ్మ గుళ్లలో భారతం మొదలైతే వేషాల రిపేర్లు నా దగ్గరికే వస్తాయి. పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం మీదినుంచి నిమ్మకాయలు, విభూతి విసిరితే, బిడ్డల కోసం కొంగు పట్టినవాళ్లలో తెలుగువాళ్లెవరు, అరవం వాళ్లెవరని ఎవరూ అడగరు. మా ఇల్లూ అంతే. నాది తెలుగు, మా అత్తది అరవం, కాజాలు కుట్టే పిల్లది ఉర్దూ.

పోయినేడు పక్క ఊళ్లో నాటకం నాలుగు రాత్రులకు కుదించి, మిగతా రోజులు రికార్డింగ్ డ్యాన్స్ పెట్టారు. భీముడి వేషగాడు అద్దాలు ఊడిన భుజకీర్తి నా బల్ల మీద పెట్టి, కాసేపు చూసి, "ఈ ఏడు వద్దులే అక్కా" అని తిరిగి సంచిలో వేసుకున్నాడు.

చందాలు రావట్లేదంటారు, నిజమే. కానీ నాటకం మర్నాడు గుడి ముందు ఒక గంట కళాకారుల్ని కూర్చోబెడితే పెద్ద ఖర్చేమీ కాదు. సెలవుల్లో ఉన్న పిల్లల్ని అడగనివ్వండి: తెలుగు పద్యం మధ్యలో అరవం జోకెందుకు, ముఖానికి పూసేదేంటి అని. తిరుపతి గంగజాతరలో బైరాగి, బండ, తోటి వేషాలు కట్టేవాళ్లతోనూ ఇలాగే మాట్లాడించొచ్చు. జవాబు అర్థం కాకపోతే పక్కనున్నవాళ్లు చెప్తారు.

మైకు కమిటీవాళ్లు చూసుకోవాలి. చాపలు మా ఇంట్లో నాలుగున్నాయి, పంపిస్తాను.

- ఒక టైలర్, చిత్తూరు జిల్లా