16 ఏళ్ల పిల్లలు ఏ బండి మీద కాలేజీకి పోవాలి? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మా పిల్లలు చట్టప్రకారం కాలేజీకి పోయే దారి చూపమని మా ఊరి తల్లిదండ్రులం సంతకాలు పెట్టి ఇచ్చిన అర్జీలకు ఇప్పటిదాకా జవాబు లేదు సార్. రసీదు ఇచ్చారు, తర్వాత వెళ్లి అడిగితే సంబంధిత శాఖకు పంపాం అన్నారు, ఆ శాఖకు పోతే చట్టం ఢిల్లీలో చేసింది, మా చేతిలో ఏముంది అన్నారు. ఇంక ఎవరిని అడగాలో తెలియక అందరూ చదివేలా మీకే రాస్తున్నాను.

మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. కాలేజీ మండల కేంద్రంలో ఉంది. పొద్దున బస్సు కాలేజీ మొదలయ్యాక వస్తుంది, సాయంత్రం బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. 2023 డిసెంబర్ నుంచి మన తెలంగాణలో ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు, చాలా మంచి పని చేశారు, మనస్ఫూర్తిగా చెప్తున్నా. కానీ బస్సే రాని ఊళ్లో ఆ ఉచితం మా పిల్లలకు ఎలా అందుతుంది సార్?

అందుకని చాలా ఇళ్లల్లో పిల్లల చేతికి ఎక్సెల్ బండి తాళం ఇచ్చేస్తున్నారు. తప్పని అందరికీ తెలుసు. 2019లో మార్చిన చట్టం ప్రకారం లైసెన్స్ లేని మైనర్ బండి నడిపి దొరికితే తండ్రికో, బండి ఓనర్‌కో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, ఆ పిల్లకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. లైసెన్స్ లేని చేతిలో బండి ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన డబ్బును కూడా మళ్లీ మా దగ్గరే వసూలు చేస్తుంది. అంటే రెండెకరాల రైతుకు ఆ రెండెకరాలూ పోయినట్టే. ఈ టెన్షన్‌తో పిల్ల ఇంటికి వచ్చేదాకా పొలంలో చెయ్యి ఆడదు. శిక్షలు తగ్గించమని నేను అడగడం లేదు, పిల్లల ప్రాణాల కోసమే పెట్టారు, ఉండాలి.

నేను అడిగేది వేరే. అదే చట్టంలో 16 ఏళ్లు నిండిన పిల్లలు 50 సీసీ దాటని గేర్లు లేని బండి నడపొచ్చని, తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వాలని ఉంది. అలా లైసెన్స్ తీసుకుని ఆ బండే నడిపితే తండ్రి మీద ఆ కేసు కూడా ఉండదు. ఈ 50 సీసీ మాట చట్టంలో పెట్టినప్పుడు లూనాలు, టీవీఎస్ 50లు ప్రతి ఊళ్లో తిరిగేవి, అప్పుడు సరిపోయింది. ఇప్పుడు ఏ షోరూంకు పోయి 50 సీసీ కొనాలి? మోపెడ్ అని అడిగితే చూపించేది ఎక్సెల్ 100, దాని ఇంజిన్ 99.7 సీసీ. మరి ఆ లైసెన్స్ తీసుకుని పిల్ల ఏం నడపాలి? లూనా ఇప్పుడు కరెంటు బండిగా వచ్చింది కదా, దానికి సీసీ లెక్కే లేదు కదా, 16 ఏళ్లకు లైసెన్స్ ఇస్తారా అని ఆర్టీఏ ఆఫీసు కౌంటర్‌లో అడిగితే ఒకరు ఇస్తారన్నారు, పక్కాయన ఇవ్వరన్నారు, బయట ఏజెంట్ మాత్రం డబ్బులిస్తే అన్నీ తనే చూసుకుంటానన్నాడు.

250 వాట్ల లోపు మోటారు ఉండి గంటకు 25 కిలోమీటర్లు దాటని కరెంటు బండికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదని రూల్ ఉంది. మాలాంటి వాళ్లకు మిగిలిన దారి ఇదొక్కటే. మా పక్కింటి వాళ్లు అప్పు చేసి అదే కొన్నారు. నెంబర్ ప్లేట్ లేదని పోలీసులు రోడ్డు మీద ఆపారు. పిల్ల కాగితాలు చూపించినా వినలేదు, తండ్రి వచ్చేదాకా రోడ్డు పక్కన ఎండలో నిలబెట్టారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల బండి ముట్టుకోవడం లేదు. రూల్ తెలిసిన పిల్ల భయపడాల్సి వచ్చింది, తెలియనివాళ్లు ఆపారు, దీనికి ఎవరు జవాబు చెప్తారు?

సైకిల్ మీద పంపొచ్చు కదా అంటారు. పంపుతాం సార్, మేం సైకిల్ మీద చదువుకున్నవాళ్లమే. కానీ అప్పటి రోడ్డు కాదు ఇది, ఇసుక లారీలు పోతుంటే పక్కకు దిగడానికి మట్టి అంచు కూడా మిగల్లేదు. హైదరాబాద్‌లో ఔటర్ పక్కన పైన సోలార్ కప్పు వేసి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. నేను దాన్ని తప్పు పట్టను, కానీ రోజూ చదువు కోసం సైకిల్ తొక్కే పిల్లలకు రోడ్డు పక్కన ఓ మూడడుగులు గట్టిగా వేసి తెల్ల గీత గీయలేమా? పోనీ మెయిన్ రోడ్డు స్టేజీ దాకా సైకిల్ మీద పోయి అక్కడ బస్సెక్కుదామంటే సైకిల్ పెట్టుకునే చోటు లేదు. చెట్టుకు తాళం వేసి పోతే సాయంత్రానికి చైన్ తెగి ఉంటుంది, లేదా సైకిలే ఉండదు. ఒక షెడ్డు, ఒక ఇనుప కడ్డీ, చూసుకునే ఒక మనిషి, ఇంతకు మించి అడగడం లేదు.

చట్టం మార్చేది కేంద్రమే, ఒప్పుకుంటాను. కానీ 50 సీసీ మాట తీసేసి ఈ కాలపు బండ్లకు తగ్గట్టు వేగం మీద హద్దు పెట్టండని రాష్ట్రం తరఫున లేఖ రాయడం మీ చేతిలో పనే. 25 కిలోమీటర్ల బండికి నెంబర్ ప్లేట్ అడగొద్దని ప్రతి పోలీస్ స్టేషన్‌కు ఉత్తర్వు వెళ్లేలా చూడడమూ మీ మాటతో అయ్యేదే. స్టేజీ దగ్గర సైకిల్ స్టాండ్, కాలేజీ టైముకు ఒక బస్సు. 16 ఏళ్ల పిల్ల చట్టప్రకారం, భయం లేకుండా కాలేజీకి పోయే దారి ఏదైనా ఒకటి చూపించండి సార్, ఏదైనా సరే. మా ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలు ఇంటర్ మధ్యలో మానేశారు, చదువు రాక కాదు, పోవడానికి వీల్లేక.

జూన్‌లో కాలేజీలు మళ్లీ తెరుస్తారు. ఆ లోపు మీ ఉత్తర్వు వస్తే దాని కాపీ తీసి ప్రతి పిల్ల సంచిలో పెట్టుకుంటాం.

ఇట్లు,
ఇంటర్ చదివే ఆడపిల్ల తండ్రి