చెట్లు కోసే మిషన్లు: షాపులో ఏం మారుతోంది, 382నా 372నా అంటే నేనేం చెప్తాను

అందరికీ నమస్కారం అండి. ఈ సీజన్ నుంచి షాపులో కోత మిషన్ల స్టాక్ మారుస్తున్నాను, అది చెప్దామనే ఇది రాస్తున్నా. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోతోంది, పైగా సగం మంది అడిగేది ఒకటే, "స్టిల్ 382 తీసుకోమంటారా, హస్క్‌వర్నా 372 తీసుకోమంటారా" అని. ముందు విషయం చెప్పేస్తా. ఇక మీదట షాపులో 70 సీసీ పైన రెడీగా ఉండేది 382 ఒక్కటే. 372 కావాలంటే అడ్వాన్స్ ఇస్తే తెప్పిస్తా, సర్వీసు కూడా చేస్తా, కానీ ముందే తెచ్చి అలమరాలో పెట్టుకోను.

372 మంచిది కాదని కాదండి, ఆ మాట నేనన్నానని ఎవరైనా చెప్తే నమ్మకండి. మనది చిన్న షాపు, రెండు కంపెనీలకీ పిస్టన్లు, సిలిండర్ కిట్లు, క్లచ్‌లు, ఆయిల్ పంపులు, బార్లు (చైను చుట్టూ తిరిగే పొడవాటి రేకులు), చైన్లు అన్నీ డబుల్ డబుల్ పెట్టాలంటే ఉన్న డబ్బంతా అటక మీదే కూర్చుంటుంది. 382 వరసలోనే పాత స్టిల్ 038, 380 నడిపిన మేస్త్రీలు మన చుట్టుపక్కల ఎక్కువ, వాళ్ళ చెయ్యి ఆ వరసకే అలవాటు పడిపోయింది, రిపేరుకి వచ్చేవాటిలో కూడా అవే ఎక్కువ. అంతే కారణం, ఇంకేం లేదు.

ఇంక రెండిట్లో ఏది గట్టిది అంటారా. 382 అయితే 72.2 సీసీ, 3.9 కిలోవాట్లు, బరువు 6.2 కిలోలు. 372 ఎక్స్‌పీలో ఎక్స్-టార్క్ మోడల్ 70.7 సీసీ, 4.1 కిలోవాట్లు, 6.6 కిలోలు. ఈ బరువులు బార్, చైన్ లేకుండా, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు చెప్పేవి, అన్నీ ఎక్కించి చేతిలో పట్టుకుంటే ఇంకో రెండు కిలోలు వేసుకోండి. పవర్‌లో ఆ కాస్త తేడా మొద్దులో దిగాక మీకు తెలియనే తెలియదు, పొద్దున్న ఆకురాయి పట్టిన చైనుకీ పట్టని చైనుకీ మధ్య తేడా అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఎక్స్-టార్క్ వల్ల పెట్రోలు 20 శాతం దాకా ఆదా అని కంపెనీ చెప్తుంది, రోజంతా నడిపే జట్టుకి అది లెక్కలోకి వస్తుంది, నెలకి రెండుసార్లు తీసేవాళ్ళకి రాదు.

తేడా అసలు ఎక్కడంటే విప్పి బిగించేటప్పుడండి. 382కి చైన్ తిరిగే పళ్ళ చక్రం, అదే స్ప్రాకెట్, క్లచ్‌కి బయట వైపు ఉంటుంది, ఒక ఈ-క్లిప్పూ వాషరూ తీస్తే చేతిలోకి వచ్చేస్తుంది, తోటలో కూర్చుని మార్చేసుకోవచ్చు. 372కి అది క్లచ్ వెనకాల ఉంటుంది, ముందు క్లచ్ విప్పాలి, దాని మర ఎడమ మర, తెలియనివాడు మామూలుగా తిప్పాడంటే ఇంకా బిగుస్తుంది. ఇంకోటి, 372కి చైను ఆపే బ్రేకు సైడు కవర్లోనే ఉంటుంది. బ్రేకు పడి ఉండగా కవర్ విప్పారనుకోండి, మళ్ళీ పెడదామంటే డ్రమ్ము మీదకి ఎక్కదు, మిషన్ పాడైపోయిందని గాభరాగా బండేసుకుని వచ్చేస్తారు. పాడవ్వలేదు, బ్రేకు వదిలించి పెడితే కూర్చుంటుంది. విప్పే ముందే హ్యాండిల్ వెనక్కి లాగి బ్రేకు వదిలించుకుంటే ఈ తిప్పలే ఉండదు. 382కి బ్రేకు బాడీలోనే ఉంటుంది కాబట్టి ఈ గొడవ లేదు.

బార్లు ఒకదానివి ఇంకోదానికి పట్టవు, అడక్కండి. చైన్లలో కూడా ఒక తిరకాసు ఉంది. 3/8 పిచ్, అంటే లింకుల మధ్య దూరం లెక్క, ఆ చైనులో 20 అంగుళాల బార్‌కి ఇద్దరికీ 72 లింకులే (లోపలి వైపు పళ్ళు), కానీ 18 అంగుళాలకి వచ్చేసరికి స్టిల్‌కి 66, హస్క్‌వర్నాకి 68. 72 సరిపోయింది కదా అని అదే వేసేద్దాం అనుకుంటే అదీ కుదరదు, స్టిల్ వాటికి మామూలుగా 1.6 ఎంఎం మందం వాడతారు, హస్క్‌వర్నాకి 1.5, సన్నం చైను బార్‌లోని వెడల్పు గాడిలో వేస్తే పక్కలకి ఊగుతుంది, లావుది సన్న గాడిలో అసలు దిగదు. ఫోన్లో "18 చైను ఒకటి బస్సులో పంపించండి" అంటే నేను ఇన్ని ప్రశ్నలు వేసేది ఇందుకే, విసుక్కోకండి.

సరే ఇదంతా ఒక ఎత్తు. నేను అసలు చెప్దామనుకున్నది వేరే ఉంది, 382నా 372నా అని అడిగేవాళ్ళలో చాలామందికి ఆ రెండూ అక్కర్లేదు.

మొన్న జామాయిల్ తోట కోత పట్టిన మేస్త్రీ ఒకాయన వచ్చాడు, వస్తూనే 372 కావాలన్నాడు. "మాను ఎంత లావుంటుంది మేస్త్రీ గారూ" అన్నా. చేత్తో చూపించాడు, ఎనిమిది అంగుళాలు ఉంటుందేమో. "దానికి అంత మిషన్ ఎందుకండీ" అంటే, "పెద్దదైతే తొందరగా తెగుతుంది కదండీ, జట్టులో అందరూ పెద్దవే కొంటున్నారు" అన్నాడు. తెగుతుంది, నిజమే, ఎనిమిది అంగుళాల మాను దేనికైనా క్షణాల్లో తెగుతుంది. తెగాక ఏంటి? కొమ్మలు కొట్టాలి, ముక్కలు చెయ్యాలి, వంగి లేచి వంగి లేచి సాయంత్రం దాకా ఆ బరువు మోసేది నడుమే కదా. రోజులో మిషన్ కోస్తున్న టైము కంటే మనిషి దాన్ని మోస్తూ తిరిగే టైమే ఎక్కువ. సరుగుడు, సుబాబుల్ కూడా ఇదే లెక్క, పేపర్ మిల్లుకి వెళ్ళే వయసులో అవేం మహావృక్షాలు కాదు. ఆయనకి ఎంఎస్ 250 చేతికిచ్చి వెనకాల ఉన్న మొద్దు మీద కోసి చూడమన్నా, 45.4 సీసీ, 2.3 కిలోవాట్లు, 4.6 కిలోలు. కోశాడు, కానీ మొహం చూస్తే తృప్తి పడలేదు. జట్టులో పరువు కూడా చూస్కోవాలి కదా, నాకు అర్థమవుతుంది.

అలాంటివాళ్ళకి మధ్యలో ఇంకో తరగతి ఉందండి, మన దగ్గర దాన్ని ఎవరూ అడగరు. 50 సీసీ ప్రొఫెషనల్ మిషన్లు. స్టిల్‌లో ఎంఎస్ 261, 50.2 సీసీ, 3.0 కిలోవాట్లు, 4.9 కిలోలు. హస్క్‌వర్నాలో 550 ఎక్స్‌పీ మార్క్ 2, 50.1 సీసీ, అదే 3.0 కిలోవాట్లు, 5.3 కిలోలు. ఇప్పుడు ఒక్కసారి ఆగి ఇది చూడండి, అదే హస్క్‌వర్నాలో 450 అని ఉంది, అదీ 50.2 సీసీయే, కానీ ఇచ్చేది 2.4 కిలోవాట్లు. 455 రాంచర్ 55.5 సీసీ, ఇచ్చేది 2.6. అంటే సీసీ ఎక్కువున్నది పవర్ తక్కువ ఇస్తోంది. ఎందుకంటే ఆ రెండూ రైతు ఇంట్లో అప్పుడప్పుడూ వాడుకోడానికి చేసినవి, ప్రొఫెషనల్ వాటిలో క్రాంక్ కేసు మెగ్నీషియం, ఆర్‌పీఎం 14 వేల దాకా వెళ్తుంది, రోజూ కూలి పనికి దించేలా కట్టినవి. అందుకని సీసీ ఒక్కటే చూసి కొనకండి, డబ్బా మీద కిలోవాట్లు ఎంత రాశాడో, బరువెంతో, ఆ రెండూ కలిపి చూడండి. కిలోవాట్ల ముక్కే రాయకుండా సీసీ మాత్రం పెద్ద అక్షరాలతో వేశాడంటే ఎందుకు వేశాడో మీకే తెలుస్తుంది.

60 సీసీ తరగతి కూడా ఉంది, స్టిల్‌లో 362, హస్క్‌వర్నాలో 562 ఎక్స్‌పీ, రెండూ 3.5 కిలోవాట్లే. ఒక్క మిషన్‌తో తోట పనీ, మామిడి కొమ్మలూ, అప్పుడప్పుడు ఓ మాదిరి మొద్దూ అన్నీ కానిచ్చేయాలనుకునేవాళ్ళకి నన్నడిగితే అదే సరైన సైజు. కానీ ఈ 50, 60 తరగతులు నేను స్టాక్ పెట్టలేనండి, పెట్టుబడి ఇరుక్కుపోతుంది. డీలర్ దగ్గర ఉన్నప్పుడు తెప్పిస్తా, ముందే డబ్బు కట్టాలి, కొంచెం ఆగాలి.

మరి 382, 372 ఎవరికంటే, పాత మామిడి తోటలు తీసేవాళ్ళకి, చింత, తుమ్మ, రోడ్డు పక్క నిద్రగన్నేరు మానులు కొట్టేవాళ్ళకి, సామిల్లుకి దుంగలు వేసేవాళ్ళకి. 24, 25 అంగుళాల బార్ మొత్తం కలపలో మునిగిపోయినా ఆగకుండా లాగాలంటే ఆ పవర్ ఉండాల్సిందే. తుపాను వచ్చినప్పుడు రోడ్ల మీద చెట్లు తీసేవాళ్ళకి కూడా పెద్దది ఒకటి, చిన్నది ఒకటి రెండూ ఉండాలి. 2018లో తిత్లీ అప్పుడు ఉద్దానం సైడు పడిపోయిన కొబ్బరి, జీడిమామిడి తోటలు గుర్తున్నాయి కదా, అలాంటి పనిలో కొమ్మలకి చిన్నదీ మానుకి పెద్దదీ తిప్పుకుంటూ ఉండాలి. కొబ్బరి మాను కోసేవాళ్ళకి ఒక మాట, పీచూ ఇసుకా కలిసి చైను పదును తొందరగా పోగొడతాయి, పంటి మూల కాస్త గుండ్రంగా ఉండే సెమీ చిసెల్ చైను వాడండి, పదును మొనతేలిన ఫుల్ చిసెల్ శుభ్రమైన కలపకి బాగుంటుంది కానీ దుమ్ములో నిలవదు.

ఆన్‌లైన్ 58 సీసీ మిషన్ల గురించి కూడా చెప్పాలి, రోజూ ఒకరైనా తెస్తున్నారు. నేను వెళ్ళగొట్టను, రిపేరు చేస్తా, అందులో నాకూ నాలుగు డబ్బులు వస్తాయి, దాచేదేముంది. కానీ చేసిన పనికి గ్యారంటీ ఇవ్వను, ఎందుకంటే ఒకే పేరుతో వచ్చిన రెండు మిషన్లకి ఒకే స్పేరు సరిపోతుందన్న నమ్మకం లేదు. ఏడాదికోసారి కట్టెలు కొట్టుకునే ఇంటికి అది చాలు, తప్పేం లేదు. దాని మీద కూలీల జట్టుని పెట్టుకుని కాంట్రాక్టు మాత్రం ఒప్పుకోకండి. ఇంకో రకం ఉంది, పెద్ద కంపెనీ రంగులేసి, దాదాపు అదే నంబరు అంటించి అమ్మేవి. ధర మరీ తక్కువుంటే కొనే ముందు బాడీ మీద కొట్టిన సీరియల్ నంబరు ఫోటో నాకు పంపండి, చూసి చెప్తా, డబ్బులేం తీసుకోను.

పెట్రోలు సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపింది. స్క్రూ తిప్పి సరిచేసే మామూలు కార్బురేటర్ ఉన్న మిషన్లకి 10 శాతం దాటొద్దని మాన్యువల్లోనే ఉంటుంది, ఎం-ట్రానిక్ అని ఎలక్ట్రానిక్ కార్బురేటర్ ఉన్నవి ఇంకా ఎక్కువ తట్టుకుంటాయని స్టిల్ వాళ్ళు రాశారు. మరి మనకి వేరే పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, అదే పొయ్యాలి. కాబట్టి ఒక్కటి చెయ్యండి, పని అయిపోయాక ట్యాంకు ఒంపేసి, మిషన్ స్టార్ట్ చేసి దానంతట అది ఆగిపోయేదాకా వదిలేయండి. ఇథనాల్ తేమ పీలుస్తుంది, అది కార్బురేటర్లో ఉండిపోతే లోపలున్న డయాఫ్రం, అదే పల్చని పొర, గట్టిపడిపోతుంది, సీజన్ మొదట్లో నా దగ్గరికి వచ్చే "స్టార్ట్ అవ్వట్లేదండీ" కేసులు ఎక్కువ అవే. కలిపి పెట్టిన పెట్రోలు డబ్బాలో నెలల తరబడి ఉంచకండి. కంపెనీ టూటీ ఆయిల్ అయితే లీటరుకి 20 ఎంఎల్, అంతే. "ఇంకొంచెం ఎక్కువేస్తే మంచిది కదా" అంటారు, సైలెన్సర్లో మసి పేరుకోడానికి మంచిది.

ఎలక్ట్రానిక్ కార్బురేటర్ గురించి కూడా అడుగుతున్నారు. మే నెల ఎండలోనూ జనవరి పొద్దున్న మంచులోనూ దానంతట అది సర్దుకుంటుంది, స్క్రూ తిప్పే పని లేదు, అది నిజంగా సుఖమే. కానీ తేడా చేస్తే చెవితో విని సరిచేసే మెకానిక్ పనికిరాడు, కంపెనీ టెస్టర్ పెట్టి చూడాలి, నా దగ్గర ప్రస్తుతానికి ఆ టెస్టర్ లేదు. కొనే ముందు ఇది తెలుసుకుని కొనండి. 382కీ 372కీ స్క్రూ ఉన్నదే, మన కుర్రాడు చేసేస్తాడు.

ధరలు ఇక్కడ రాయట్లేదు, మారుతూనే ఉన్నాయి, ఫోన్ చేస్తే ఆ రోజు రేటు చెప్తా. మిషన్ మీద నాకు మిగిలేది తక్కువండి, మిగిలేది చైన్లు, బార్లు, ఆయిల్ మీద. అందుకే మీకు పెద్ద మిషన్ అంటగట్టాల్సిన అవసరం నాకు లేదు, మీ దగ్గర పదేళ్ళు నడిస్తేనే నా షాపు నడుస్తుంది.

పాత మిషన్ ఎక్స్ఛేంజ్ ఈ సీజన్ కూడా ఉంది, మిషన్ స్టార్ట్ అయ్యే స్థితిలో తెస్తే మంచి రేటు కడతా. చైను కావాల్సినవాళ్ళు బార్ వెనక భాగంలో కొట్టిన అంకెలు ఫోటో తీసి పంపండి, అరిగిపోయి కనపడకపోతే పాత చైనుకి లోపలి వైపు పళ్ళు లెక్కపెట్టి చెప్పండి. ఆకురాళ్ళు .325 చైనుకి 4.8 ఎంఎంవి, 3/8కి 5.2వి రెండూ ఉన్నాయి, 66 లింకుల చైన్లు కూడా ఉన్నాయి, 68వి అయిపోయాయి, వచ్చే లోడులో వస్తాయి, కావాల్సినవాళ్ళు పేరు చెప్పి పెట్టుకోండి.