బీడీలు చుట్టిన వేళ్లకు ముద్రలు ఎక్కడి నుంచి వస్తాయి?

సంపాదకుల వారికి నమస్కారం,

టెక్నాలజీతో సంక్షేమం పేదల గడపకే చేరిందని పోయిన వారం మీ జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేశారు. చేరిన చోట చేరింది, కాదనను. కానీ ఆ వార్త రాసినవారు ఒక్కసారి మా కోరుట్ల, మెట్‌పల్లి వైపు పింఛన్లు ఇచ్చే రోజు వచ్చి లైన్లో నిలబడితే బాగుండేది.

ఇక్కడ ఏ గల్లీలో చూసినా చాట ముందు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్లే. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి కొస మడిచేదాకా పనంతా వేలి కొనలతోనే. ఏళ్ల తరబడి అదే పని చేసిన మా అమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పెడితే ముద్ర పడదు, కొంగుతో తుడుచుకొని మళ్లీ పెడుతుంది, వెనక ఉన్నవాళ్లు గునుగుతుంటారు, ఆఖరికి రేపు రమ్మంటారు. బీడీ కార్మికుల పింఛను 2,016 రూపాయలు. బీడీలు చుట్టిందని మంజూరు చేసి, చుట్టిన వేలు పడటం లేదని ఆపడం ఏం న్యాయం?

రూల్ లేదా అంటే ఉంది. వేలిముద్ర కలవలేదని ఎవరికీ రేషన్ గానీ పింఛను గానీ ఆపొద్దని, కంటిపాపతోనో ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనో చూడాలని, అదీ కుదరకపోతే కార్డు చూసి రిజిస్టర్‌లో రాసుకొని ఇవ్వాలని ఆధార్ సంస్థే 2017 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. ఆ రిజిస్టర్ ఏదని అడిగితే మాకు పైనుంచి చెప్పలేదంటారు. మనుషుల వేళ్లు అరిగిపోతాయన్న సంగతి కూడా పైనుంచే చెప్పాలా?

ఒక్క పింఛనే కాదు. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్, భూమి కాగితం కావాలంటే నిన్నటిదాకా ధరణి వెబ్‌సైట్, ఇప్పుడు భూభారతి. స్మార్ట్‌ఫోన్ లేని రైతు పక్కింటి పిల్లగాడిని బతిమాలుకోవాలి. ఆఫీసులో పని తగ్గింది నిజమే, ఆ పనంతా ఇప్పుడు మా నెత్తిన పడింది.

ఇదే తెలంగాణలో చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు. ఆసు అంటే చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని. రోజుకు రెండు చీరలకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు 18,000 సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువు లేకపోయినా పట్టుబట్టి ఆ మిషన్ తయారుచేశారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ తపన మన సాఫ్ట్‌వేర్లు కొనే అధికారుల్లో ఒక్కరికి ఉన్నా చాలు.

పింఛన్లు ఇచ్చే ప్రతిచోటా కంటిపాప మిషన్, రిజిస్టర్ ఉంచి, ముద్ర పడకపోయినా అదే రోజు డబ్బులు ఇస్తామని తెలుగులో బోర్డు పెట్టాలి. మీకూ ఒక మనవి. ముద్ర పడలేదని ఈ నెల ఎంతమందిని వెనక్కి పంపారో అధికారులను అడిగి, ఆ లెక్క ప్రతి నెలా అదే జిల్లా పేజీలో వేయండి.

– ఒక బీడీ కార్మికురాలి కూతురు, కోరుట్ల