విరమణ లెక్క ముప్పై ఐదో ఏటే చెప్పండి: కేంద్ర కార్మిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

నేను హైదరాబాద్‌లోని జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఇరవై ఆరేళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి, 58 ఏళ్లు నిండి 2022లో విరమించిన కార్మికుణ్ణి. 1996లో చేరిన ఫ్యాక్టరీని 2004లో వదిలి మరో ఫ్యాక్టరీకి మారినప్పుడు, పీఎఫ్‌తోపాటు పింఛను వాటా కూడా తీసుకోవడానికి ఫారం 10సి నింపి ఇచ్చాను. అదే ఫారంలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కోరవచ్చనీ, కోరితే ఆ ఎనిమిదేళ్లూ తర్వాతి సర్వీసుకు కలుస్తాయనీ నాకు ఎవరూ చెప్పలేదు. చేతికొచ్చిన డబ్బు పెద్దమ్మాయి స్కూలు ఫీజుకూ, అద్దె ఇంటి అడ్వాన్సుకూ సరిపోయింది. దాని అసలు ఖరీదు పద్దెనిమిదేళ్ల తర్వాత పింఛను కాగితం చేతికొచ్చిన రోజున తెలిసింది.

1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకంలో, పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 20 ఏళ్ల సర్వీసు పూర్తిచేసి 58వ ఏట విరమించినవారికి మరో రెండేళ్లు కలుపుతారు. నాకు మిగిలినవి పద్దెనిమిదే కనుక ఆ రెండేళ్లూ దక్కలేదు. ఆ ఒక్క సంతకంతో పోయినవి ఎనిమిదేళ్లు కావు, పదేళ్లు. 2014కు ముందరి కాలానికి, పింఛనుకు లెక్కించే జీతం మీద ఉన్న పాత, తక్కువ పరిమితి వర్తించడం వల్ల నాకు వచ్చేది ఇంకా తక్కువే గానీ, 15,000 రూపాయల జీతం మీద లెక్కవేసి చూస్తే 18 ఏళ్లకు నెలకు 3,857 రూపాయలు, 28 ఏళ్లకు 6,000 రూపాయలు వస్తాయి. ఈ పింఛనుకు కరవు భత్యం లేదు. నా తర్వాత నా భార్యకు వచ్చేది అందులో సగమే కాబట్టి, ఆమెకు తెలియకుండా నేను పెట్టిన సంతకం ఆమె వృద్ధాప్యాన్ని కూడా కోసేసింది. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది ఇదే.

నెలనెలా కొంత కట్టి వృద్ధాప్యంలో పింఛను పొందే ప్రభుత్వ పథకం అటల్ పింఛను యోజన సంగతీ అంతే. నెలకు 5,000 రూపాయల పింఛను కోసం 18వ ఏట చేరినవారు నెలకు 210 రూపాయలు కడితే చాలు. 40వ ఏట చేరితే 1,454 కట్టాలి. ఆ తర్వాత చేరే వీలే లేదు. వీడ్కోలు సభలో శాలువా కప్పేనాటికి ఈ సలహాలు ఎవరికీ పనికిరావు.

అందుకని నా విన్నపం ఇది. పీఎఫ్ ఉన్న ప్రతి సంస్థలోనూ, ముప్పై ఐదేళ్లు నిండిన కార్మికుణ్ణి భార్యతో లేక భర్తతో కలిపి కూర్చోబెట్టి, జీతం కోత లేని ఒక పూట కేటాయించి, పింఛను లెక్క, నామినేషన్, ఖాతా బదిలీ తెలుగులోనూ ఉర్దూలోనూ వివరించే ఏర్పాటు చేయించండి. పీఎఫ్ సంస్థ ప్రతి నెలా జిల్లాల్లో జరిపే ‘నిధి ఆప్కే నికట్’ శిబిరాల్లో ఫిర్యాదులతోపాటు ఈ పనికీ ఒక బల్ల వేయించవచ్చు. పింఛను వాటా వెనక్కి తీసుకోవడానికి దరఖాస్తు చేసేవారికి, దానివల్ల నెలకు ఎంత పింఛను పోతుందో రూపాయల్లో చూపించి, ఆ తర్వాతే సంతకం అడగండి.

ఆ పూటలో డబ్బు కాని సంగతికీ కొంత చోటు ఇవ్వాలి. విరమించిన మొదటి ఏడాది, వెళ్లవలసిన చోటు లేకపోయినా, ఉదయం షిఫ్టు వేళకే లేచి తయారై గుమ్మంలో కూర్చునేవాణ్ణి. ఇప్పుడు మా బస్తీలో ఐటీఐ చదివే నలుగురు పిల్లలకు సాయంత్రాలు మైక్రోమీటరు చదవడం, డ్రాయింగు అర్థం చేసుకోవడం నేర్పుతున్నాను. నాకు నిద్ర పడుతోంది. ఈ ఆలోచన యాభై ఏళ్లకే వచ్చి ఉంటే ఆ ఏడాది అలా గడిచేది కాదు.

గత నెల మా వీధిలో ఏడేళ్ల సర్వీసున్న ఒక కుర్రాడు ఉద్యోగం మారుతూ పింఛను వాటా తీసుకోబోయాడు. నా లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆగి, బదిలీకి దరఖాస్తు చేశాడు. అతడికి ఎదురింట్లో నేనున్నాను. మిగిలినవారికి ఆ కాగితం మీ శాఖ నుంచి అందాలి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత కార్మికుడు,
చింతల్, హైదరాబాద్